పక్క సీటు

చిట్టి కోర్టులో స్టెనో. పందొమ్మిదేళ్ళుగా అదే పని. సాక్షులు నీళ్ళు నమిలినా, వకీళ్ళు గుక్క తిప్పుకోకుండా మాట్లాడినా, జడ్జిగారు సగం మాట లోపలే మింగేసినా ఆమె పెన్సిలు వెనకబడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే ఆ ఆదివారం ఉదయం, రాళ్ళ క్వారీ వెనక మట్టిరోడ్డు మీద కారు మలుపు తప్పి ఇసుక గుట్టలోకి దూసుకుపోయి ఆగాక, అన్నయ్య హెల్మెట్ తీసి "ఆలస్యంగా చెప్పావు చిట్టీ" అన్నప్పుడు ఆ మాట ఆమె బుర్రకెక్కలేదు.

"ఏది ఆలస్యం?"

"కుడి రెండు. మలుపు మీదికొచ్చాక చెప్పావు."

"మిట్ట ఎక్కకముందే చెప్పాను అన్నయ్యా."

"నాకు వినపడలేదంటే చెప్పనట్టే కదా."

కోపంగా ఏమీ అనలేదు. నవ్వుతూనే అన్నాడు. దిగి, కారు ముందు చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఇసుక తోడటం మొదలుపెట్టాడు. చిట్టి పక్క సీట్లోనే ఉండిపోయి ఒళ్ళోని నోట్సు పుస్తకం వంక చూసింది. 'వంద, ఎడమ ఐదు, మిట్ట, కుడి రెండు, బిగుస్తుంది, కొయ్యొద్దు.' చెప్పింది. కచ్చితంగా చెప్పింది.

అన్నయ్య పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. దంతవైద్యులు నోటి అచ్చులు పంపిస్తే, రెండు గదుల ల్యాబులో దీపం కింద కూర్చుని ఒక్కో పన్నూ అరగదీసి, నునుపు చేసి, పక్క పంటి రంగుకి రంగు కలిపి పంపుతాడు. ర్యాలీ క్లబ్బులో అందరూ అతన్ని 'పళ్ళాయన' అంటారు. క్లబ్బు అన్నమాటే గాని అందులో పేరున్న డ్రైవర్లెవరూ లేరు. ఒక పోస్టుమాస్టరు, ఒక పూలకొట్టు యజమాని, వ్యాయామం నేర్పే మాస్టారు, ఇంకో పదిమంది. వారమంతా ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుని, ఆదివారం వచ్చిందంటే కార్ల కింద దూరేవాళ్ళు.

అన్నయ్య కారు రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. ఏదో ప్రమాదంలో మూతి పగిలి, ఎవరికీ అక్కర్లేక మూల పడి ఉంటే తెచ్చుకున్నాడు. క్లబ్బుకి పెద్దదిక్కు గ్రీజు బాబాయి. ఎవరికీ సొంత బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఆయన షెడ్డులో రెండేళ్ళ పాటు ఆ కారుని ఎముకల దాకా విప్పేశారు. వెనక సీట్లు, తివాచీ, ఏసీ, రేడియో అన్నీ పీకేశారు. బోల్తా పడినా పైకప్పు నలగకుండా లోపల ఉక్కు గొట్టాలతో పంజరం కట్టారు. రాళ్ళు తగిలి ఇంజను అడుగు పగలకుండా కింద దళసరి రేకు బిగించారు. స్ప్రింగులు మార్చారు. తలుపుల అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు పెట్టారు. మొత్తమ్మీద కారు బరువు నూట ఎనభై కిలోలు తగ్గింది.

"ఆ కారు బరువు తగ్గించడానికి పడ్డ యాతనలో పదోవంతు మీ అన్నయ్య తన పొట్ట మీద పెట్టుంటే ఈపాటికి నాజూగ్గా తయారయ్యేవారు" అనేది వదిన.

చిట్టికి డ్రైవింగ్ రాదు. క్లబ్బులో అదో పెద్ద జోకు. కానీ ర్యాలీలో పక్కన కూర్చునేవాళ్ళకి కావలసింది డ్రైవింగ్ కాదు. పోటీకి ముందు రోజు ఇద్దరూ దారంతా నెమ్మదిగా తిరుగుతారు. డ్రైవరు ప్రతి మలుపుకీ ఒక అంకె చెబుతాడు. ఆరంటే దాదాపు తిన్నని దారి, ఒకటంటే కారు వెనక్కి తిరిగినంత మలుపు. వంద, ఎనభై అంటే మలుపు దాకా మీటర్లు, 'కొయ్యొద్దు' అంటే మలుపు లోపలి అంచు తొక్కొద్దని. పక్కనున్నవాళ్ళు రాసుకుంటారు. పోటీలో దాన్నే చదువుతారు. మిట్ట అవతల ఏముందో డ్రైవరుకి కనపడదు, కనపడేదాకా ఆగితే పోటీ కాదు. చెవిలో పడ్డ మాటని నమ్మి తొక్కుకుంటూ పోవాలి. చిట్టి గొంతు తొణకదు, బెణకదు. ఈ కారు సిద్ధమయ్యేదాకా క్లబ్బు పాత కారుతో పోటీలకి వెళ్ళినప్పుడు కూడా, మూడేళ్ళుగా అన్నయ్య ఆ గొంతు మీదే నడిపాడు.

ఇసుక గుట్ట సంగతి అయిన తరువాతి ఆదివారం మళ్ళీ అలాగే అయింది. ఈసారి రోడ్డు దిగలేదు గానీ మలుపు దగ్గర బ్రేకు బాగా ఆలస్యంగా పడింది. కారు అడ్డం తిరిగి దుమ్ములో ఆగింది. "చిట్టీ, నిద్రపోతున్నావా?" అన్నాడు అన్నయ్య. ఆ పై వారం ఆమె కావాలనే కాస్త ముందుగా చదివింది. "మరీ ముందు చెబితే మర్చిపోతాను" అన్నాడు. షెడ్డులో పోస్టుమాస్టరు, వినపడదనుకుని, "పాపం, కోర్టు పనితో అలిసిపోతోందేమో. వేరే మనిషిని చూసుకోకపోయావా?" అని అన్నయ్యని అడిగాడు. చిట్టి విన్నది.

ఇంటికెళ్ళి అద్దం ముందు కూర్చుని, పక్కన గడియారం పెట్టుకుని సాధన చేసింది. కోర్టులో కూడా ఆ వారం రెండుసార్లు రాసింది మళ్ళీ చూసుకుంది. ఒక్క మాట పోలేదు. అయినా, తప్పు తనదే అయ్యుండాలి. అన్నయ్య చేతులు ఎలాంటివో ఆమెకి తెలుసు. వెంట్రుక మందం తేడా వేలితో పట్టేసే చేతులవి.

స్ప్రింగులు ఎలా పనిచేస్తున్నాయో, లోపల ఏది వదులుగా ఊగుతోందో చూడాలని గ్రీజు బాబాయి పంజరం గొట్టానికి చిన్న కెమెరా బిగించాడు. ఆ వారం మళ్ళీ బ్రేకు ఆలస్యమైంది. చిట్టి ఆ రికార్డింగు అడిగి తీసుకుంది. తన తప్పు ఎక్కడుందో తేల్చుకుందామని.

శనివారం మధ్యాహ్నం వంటగదిలో నిలబడి ఫోనులో చూసింది. తన గొంతు స్పష్టంగా వినిపించింది. "ఎనభై, కుడి నాలుగు, ఎడమ మూడు, రాళ్ళు లోపల." సరైన చోటే చెప్పింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. అప్పుడు అన్నయ్య ముఖం చూసింది.

హెల్మెట్ లోపల కళ్ళు తెరిచే ఉన్నాయి. రోడ్డు వంకే ఉన్నాయి. కానీ ఆ చూపులో మనిషి లేడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, నోట్లో లేనిదేదో నములుతున్నట్టు. చేతులు స్టీరింగుని తిన్నగా పట్టుకున్నాయి. కాలు యాక్సిలరేటరు మీద నుంచి లేవలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ తరవాత ఒక్కసారి కళ్ళార్పి, ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. "చిట్టీ, మళ్ళీ ఆలస్యం" అన్నాడు.

ఆమె ఫోను గట్టు మీద బోర్లించింది. పుస్తకం మీంచి తల ఎత్తకుండా చదివే తను, ఇన్ని వారాలూ జానెడు దూరంలో కూర్చుని కూడా ఆ ముఖం చూడలేదు.

ఆ సాయంత్రమే అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అన్నయ్య ల్యాబు నుంచి ఇంకా రాలేదు. వదిన మేడ మీద బట్టలు తీస్తోంది. మేనకోడలు, తొమ్మిదేళ్ళ పిల్ల, వరండాలో బొమ్మ గీస్తోంది. చిట్టి పక్కన కూర్చుని, ఏదో మాటకి అన్నట్టుగా, "నాన్న బాగా ఆడుకుంటున్నాడా నీతో?" అంది.

"విగ్రహం ఆట ఆడతాడు."

"అదేం ఆట?"

"కదలకుండా ఉండటం. నాన్న చాలా బాగా ఆడతాడత్తా. నేను 'స్టార్ట్' అనకుండానే మొదలెట్టేస్తాడు. కితకితలు పెట్టినా నవ్వడు. తరవాత, నువ్వే గెలిచావు నాన్నా అంటే, ఏ ఆట అంటాడు. ఊరికే నటిస్తాడు." పిల్ల రంగు పెన్సిలు మార్చుకుంది. "నిన్న రెండుసార్లు గెలిచాడు."

అన్నయ్య వచ్చాక చిట్టి ల్యాబులో ఏదో చూడాలని అతన్ని వెనక్కి తీసుకెళ్ళి, అక్కడ రికార్డింగు చూపించింది. చుట్టూ అరల్లో సగం చేసిన పళ్ళ సెట్లు. అతను మూడుసార్లు చూశాడు. మొదటిసారి, "ఆ మలుపు గురించి ఆలోచిస్తున్నాను" అన్నాడు. రెండోసారి ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. మూడోసారి చూసి ఫోను ఆమెకిచ్చేస్తూ, "ఇది నేనేనా?" అన్నాడు.

డాక్టరు దగ్గరికి ఇద్దరే వెళ్ళారు. తలంతా తీగలు అంటించి గంటసేపు పరీక్ష చేశారు. డాక్టరు నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడింది. మెదడులో ఒక చోట కాసేపు ఇలా విద్యుత్తు గతి తప్పుతుందనీ, ఆ కొన్ని సెకన్లూ మనిషి ఉండీ లేనట్టేననీ, అతనికి అవి గుర్తుండవనీ చెప్పింది. మాత్రలు రాసింది. చాలామందికి అదుపులోకి వస్తాయంది. "ఒక్కటి కూడా రాకుండా ఏడాది గడిచేదాకా బండి నడపకూడదు. ఏ బండీ."

"ఇరవై మూడు రోజుల్లో ర్యాలీ ఉంది" అన్నాడు అన్నయ్య.

డాక్టరు మందుల చీటీ అతని వైపు జరిపింది. "నేను కాగితం మీద రాసివ్వగలను. మీ ఇంటికొచ్చి తాళాలు లాక్కోలేను కదా."

బయటికొచ్చాక మెట్ల మీద అన్నయ్య చిట్టి చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు తప్ప అతను ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

"ఈ ఒక్కటీ నడపనీ చిట్టీ. రెండేళ్ళు పట్టింది దాన్ని లేపి నిలబెట్టడానికి. ఒక్కసారి దాన్ని పోటీలో నడిపి, తరవాత నేనే తాళాలిచ్చేస్తాను. మాత్రలు వేసుకుంటాను కదా. మీ వదినకి చెప్పకు. బెంగపెట్టుకుని చచ్చిపోతుంది."

"నేను పక్కన కూర్చోనంటే?"

"పూలకొట్టాయన తమ్ముడు కూర్చుంటానంటున్నాడు."

అది బెదిరింపు కాదు. ఉన్నమాటే చెప్పాడు. చిట్టి లెక్క వేసుకుంది. తను కూర్చోకపోతే ఏమీ తెలియని ఇంకో మనిషి కూర్చుంటాడు. అతను తల వంచుకుని పుస్తకం చదువుతూ పోతాడు. తను కూర్చుంటే కనీసం చూస్తూ ఉంటుంది. చూసి ఏం చేస్తుందన్నది వేరే సంగతి.

గ్రీజు బాబాయికి చెబుదామని షెడ్డుకి వెళ్ళింది. ఆయన కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బాబాయ్, అన్నయ్య సంగతి ఒకటి చెప్పాలి."

పానా చప్పుడు ఆగింది. "కెమెరా బిగించింది నేనే అమ్మాయ్. నీకిచ్చే ముందు నేనూ చూశాను" అన్నాడు ఆయన కింద నుంచే. "నువ్వు నోరు తెరిచి చెప్పకు. చెబితే నేను ఈ బండి ముట్టుకోకూడదు. నేను ముట్టుకోకపోతే వాడు ఇంకో షెడ్డుకి తోలుకుపోతాడు. అక్కడ ఎవడు ఏది సరిగ్గా బిగిస్తాడో, ఎవడు వదిలేస్తాడో. ఇక్కడైతే ప్రతి బోల్టూ నేను చూస్తాను."

తను వేసుకున్న లెక్కే ఆయనా వేసుకున్నాడు. చిట్టికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంజను ఆపేసే స్విచ్చి ఉందే, అది నా వైపుకి జరపండి బాబాయ్."

ఆయన ఎందుకని అడగలేదు. మర్నాటికల్లా ఎర్ర స్విచ్చిని ఆమె మోకాలి పక్కకి తెచ్చాడు. షెడ్డులో కారు నిలిపి ఉండగానే, ఆరు పట్టీల బెల్టు బిగించుకుని, ఆమె పదే పదే చెయ్యి చాపి చూసుకుంది. తల పక్కకి తిప్పి ముఖం చూడాలి, అది అదేనని తేల్చుకోవాలి, చెయ్యి చాపాలి, తిప్పాలి. ఎంత తొందరగా చేసినా రెండు సెకన్లు దాటుతోంది. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లలో కారు యాభై మీటర్లు పైనే పోతుంది. ఇంజను ఆగుతుంది సరే, స్టీరింగు మాత్రం లేని మనిషి చేతుల్లోనే ఉంటుంది.

ర్యాలీకి రెండు రోజుల ముందు పత్రాలు నింపారు. 'స్పృహ తప్పే జబ్బులేమైనా ఉన్నాయా' అన్న గడిలో అన్నయ్య 'లేవు' అని రాసి సంతకం చేశాడు. కింద నావిగేటర్, అంటే పక్క సీటు మనిషి సంతకం. దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధం చెప్పేవాళ్ళ మాటలు ఆమె పందొమ్మిదేళ్ళుగా అక్షరం పోకుండా రాసింది. వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. అన్నయ్య ముఖం అలా లేదు. తడబాటు లేకుండా, కుదురుగా, రంగు కలుపుతున్నప్పటిలా ఉంది. ఆమె సంతకం పెట్టింది.

ర్యాలీ ఉదయం ఎండ బాగా కాసింది. మైదానంలో నలభై కార్లు వరసగా నిలబడ్డాయి. వదినా, పిల్లా ఇంటి కారులో వచ్చారు. దాన్నీ అన్నయ్యే నడుపుకొచ్చాడు. గ్రీజు బాబాయి పోటీ కారుని లారీ మీద తెచ్చి దింపాడు. తనిఖీ అధికారులు పంజరం తట్టి చూశారు, బెల్టులు లాగి చూశారు, మంటలార్పే డబ్బా తేదీ చూశారు. అన్నిటికీ తల ఊపారు. కారులో ఏ లోపమూ లేదు.

మొదటి దఫా పద్నాలుగు కిలోమీటర్లు. చిట్టి ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను అన్నయ్య ముఖం మీద పెట్టి చదివింది. అది మామూలుగా చేయగలిగే పని కాదు. కానీ అన్నయ్య ఆ రోజు అంత బాగా ఎన్నడూ నడపలేదు. ఆమె నోట మాట రావడమే తడవు చక్రాలు తిరిగాయి. ఆఖరి మలుపు దాటాక అతను గొంతెత్తి నవ్వాడు. చిట్టికీ నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది. నలభై కార్లలో ఎనిమిదో సమయం.

రెండో దఫాలో ఆమె తల ఎత్తినప్పుడు ఇంకోటి కనిపించింది. జనం. మలుపుల దగ్గర పిట్టగోడల మీద కూర్చుని, చెట్ల కొమ్మలు పట్టుకుని, ఫోనులు చాపి నిలబడ్డ జనం. ఒకచోట ఒకావిడ చంటిబిడ్డని భుజాన వేసుకుని ఉంది. మూడేళ్ళుగా ఆ మనుషులు అక్కడ ఉన్నారు, చిట్టి పుస్తకంలోనే తల దూర్చి ఉంది గనక చూడలేదు. ఇన్ని రోజులూ ఆమె వేసిన లెక్కలన్నీ ఇద్దరి ప్రాణాల గురించే. అన్నయ్య ప్రాణం, తన ప్రాణం. కావాలని ఎక్కిన వాళ్ళ ప్రాణాలు.

మూడో దఫా మొదలయ్యే చోట కార్లు వరసలో ఆగాయి. నిమిషానికి ఒకటి చొప్పున వదులుతున్నారు. వాళ్ళ ముందు మూడు కార్లున్నాయి. మొదటిది దుమ్ము లేపుకుంటూ వెళ్ళింది. చిట్టి పక్కకి చూసింది. అన్నయ్య పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి.

"అన్నయ్యా."

జవాబు లేదు. ఆమె చెయ్యి అతని ముఖం ముందు ఆడించింది. రెప్ప పడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఈసారి ఎక్కువసేపు ఉంది. తరవాత అతను గాలి పీల్చి, స్టీరింగుని సవరించి పట్టుకున్నాడు.

"మన ముందు ఎన్ని బళ్ళున్నాయి అన్నయ్యా?"

"మూడు. కనపడట్లా?" అని ముందుకి చూశాడు. రెండే ఉన్నాయి. ఒకటి ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. దాని దుమ్ము ఇంకా అద్దం మీద వాలుతోంది.

చిట్టి బెల్టు గుండ్రటి తాళం తిప్పింది. పట్టీలు ఆరూ ఊడిపోయాయి.

"ఏం చేస్తున్నావు?"

"దిగుతున్నాను."

"చిట్టీ, రెండు నిమిషాలు కూడా లేదు. కట్టుకో."

ఆమె హెల్మెట్ మైకు తీగ పీకి, పంజరం గొట్టాల మధ్య నుంచి కాళ్ళు బయటపెట్టింది. అన్నయ్య ఆమె భుజం పట్టుకోబోయాడు. అతని బెల్టు ఆపేసింది.

"ఇదొక్కటే. ఇదొక్కటీ అయిపోతే ఇంటికి పోదాం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అన్నయ్య అలా అన్న మాట ఆమె ముందెన్నడూ వినలేదు. వినకుండా ఉంటే బాగుండేది. ఆమె రోడ్డు పక్కన గడ్డిలో నిలబడి, తలుపు వేసింది.

గడియారం పట్టుకున్న అధికారి వచ్చాడు. "నావిగేటర్ లేకుండా వదలను. నిబంధన" అన్నాడు. వెనక కార్లు హారన్లు కొట్టాయి. అన్నయ్య కారుని పక్కకి తీశాడు. కిటికీ లోంచి, "మా చెల్లెలికి కళ్ళు తిరుగుతున్నాయండి" అన్నాడు.

అంబులెన్సులో డాక్టరు కుర్రాడు ఆమెని కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు. "కొంచెం ఎక్కువే ఉంది. భయపడ్డారా?" అన్నాడు. ఆమె అవునంది. అతను నీళ్ళిచ్చి పడుకోమన్నాడు. అధికారి కాగితం మీద 'నావిగేటర్ అస్వస్థత, విరమణ' అని రాసి ఆమెచేత సంతకం పెట్టించుకున్నాడు. మూడు రోజుల్లో అది రెండో తప్పుడు సంతకం. అక్కడే నోరు విప్పి ఉండొచ్చు. పెదవుల దాకా వచ్చింది. కానీ పదిమందిలో అన్నయ్యని నిలబెట్టి చెప్పలేకపోయింది. ఆపాల్సింది ఎలాగూ ఆపింది కదా అనుకుంది.

మైదానానికి తిరిగొచ్చేసరికి గ్రీజు బాబాయి పోటీ కారుని లారీ మీదికి ఎక్కిస్తున్నాడు. చిట్టిని చూసి తల పంకించాడు. అన్నయ్య ఆమె వంక చూడకుండా ఇంటి కారు దగ్గరికి నడిచాడు. డ్రైవరు తలుపు తీశాడు. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్ళి, ఎప్పుడూ కూర్చునే చోటే, నాన్న పక్క సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకుంది.

చిట్టి కళ్ళు ఆ బెల్టు మీద పడ్డాయి. వదిన దగ్గరికి నడిచింది.

"వదినా, బండి నువ్వు నడుపు."

వదిన నవ్వింది. ఆవిడకి లైసెన్సు ఉంది గానీ, తీసుకున్నాక పట్టుమని పదిసార్లు నడిపింది లేదు. "నేనా? ఇల్లు చేరినట్టే. ఏమైంది, మీ అన్నయ్య అలిసిపోయారా?"

"నడపకూడదు. డాక్టరు వద్దంది."

అన్నయ్య తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆపలేదు, అడ్డం రాలేదు. చిట్టి చెప్పింది. కోర్టులో చదివి వినిపించేటప్పటిలా, ఏది ముందు జరిగిందో అది ముందు, తరవాతది తరవాత. ఇసుక గుట్ట, కెమెరా, తీగల పరీక్ష, పత్రంలో గడి, ఇందాకటి ఆరు సెకన్లు. వదిన అంతా విన్నాక భర్త వంక కాదు, చిట్టి వంక తిరిగింది.

"నీకెన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఇరవై మూడు రోజులు."

"ఈ ఇరవై మూడు రోజులూ దాన్ని బడికి దింపింది ఎవరనుకున్నావు?"

చిట్టికి తెలుసు. రోజూ ఎనిమిదింటికి అన్నయ్య పిల్లని బడి దగ్గర దించి ల్యాబుకి వెళతాడు. అందరికీ తెలిసిన సంగతే. కానీ ఆమె స్విచ్చి జరిపించింది, సెకన్లు కొలిచింది, ముఖం చూస్తూ చదవడం నేర్చుకుంది, అన్నీ ఒక్క ఆదివారం కోసం. మిగతా రోజుల మాట ఆమె బుర్రలోకే రాలేదు. అన్నయ్యకీ రాలేదు. అతను తలుపు వదిలేసి, నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"నాన్నా, ఇంటికెళ్దాం" అంది పిల్ల లోపలి నుంచి.

వదిన నడిపింది. గంట దారి రెండున్నర గంటలు పట్టింది. వెనక సీట్లో అన్నా చెల్లెళ్ళిద్దరూ చెరో కిటికీ వంక చూస్తూ కూర్చున్నారు.

మాత్రలు రెండుసార్లు మార్చారు. వారానికి నాలుగు వచ్చేవి నెలకి రెండయ్యాయి. అంతకన్నా తగ్గలేదు. వచ్చిన ప్రతిసారీ ఏడాది లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతోంది. పోటీ కారుని పూలకొట్టాయన తమ్ముడు తీసుకున్నాడు. బాగానే నడుపుతున్నాడని గ్రీజు బాబాయి ఒకసారి అన్నాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అన్నయ్య ల్యాబుకి నడిచి వెళుతున్నాడు. చిన్న ఆకురాయి చక్రం మీద పళ్ళు అరగదీసేటప్పుడు వేలు తెగి, ఆ పని మానేసి, ఇప్పుడు రంగులు కలిపే పని మాత్రం చేస్తున్నాడు. చిట్టితో మాట్లాడతాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు. తనంతట తను ఫోను చేయడు.

వదిన చిట్టితో మాట్లాడటం మానేసింది. ఆవిడ ఆఫీసు ఒక దిక్కు, పిల్ల బడి ఇంకో దిక్కు. కారు నడపడానికి ధైర్యం చాలక, గంట ముందు లేచి పిల్లని బస్సులో దించి, ఇంకో బస్సు పట్టుకుని ఆఫీసుకి పోతోంది. "నేను తీసుకెళతాను వదినా" అని చిట్టి రెండుసార్లు కబురు పెట్టింది. అక్కర్లేదన్నారు.

ఐదో నెలలో ఒక రోజు కోర్టులో ఉండగా ఫోను వచ్చింది. "ఆఫీసులో తనిఖీకి వచ్చారు, కదలడానికి లేదు. దాన్ని బడి నుంచి తీసుకురాగలవా?" అంది వదిన. అంతే, ఇంకో మాట లేదు. చిట్టి జడ్జిగారిని అడిగి, సగం రాసిన సాక్ష్యం వేరే అమ్మాయికి అప్పజెప్పి పరుగెత్తింది.

పిల్ల ఎత్తు పెరిగింది. సంచీ చిట్టి చేతికిచ్చి, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ తనే చూసుకుంది. బస్టాపులో నీడ లేదు. ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"నాన్నకి ఎప్పుడు తగ్గుతుందత్తా?"

"తెలియదమ్మా."

"డాక్టరుకి తెలుసా?"

"ఆవిడకీ తెలియదు."

పిల్ల కాసేపు చెప్పు కొనతో మట్టిలో గీతలు గీసింది. "నేను నాన్నకి కితకితలు పెట్టకూడదంట. అమ్మ చెప్పింది. మరి ఏం చేయాలంటే, పక్కన కూర్చుని ఊరుకోమంది."

చిట్టి ఆ చిన్న చెయ్యి పట్టుకుంది. అంతలో బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు దాకా జనం వేలాడుతున్నారు. డ్రైవరు వేగం తగ్గించి, చెయ్యి అడ్డంగా ఊపి, ఆపకుండా వెళ్ళిపోయాడు. ఇద్దరూ మళ్ళీ గోడ దగ్గరికి జరిగారు. తరవాతి బస్సు ఎప్పుడని పక్కనున్న ఆవిడని అడిగితే, ఆవిడా అదే ఎవరినైనా అడుగుదామని చూస్తోంది.